బరువు పెరిగారా? డైట్ జోలికి వెళ్లే ముందు నాలుగు వారాలు ఇలా చేసి చూడండి

"పండగలకి నాలుగు కిలోలు పెరిగాను, ఏ డైట్ మంచిది?" "కాన్పు తర్వాత ఒళ్లు తగ్గడం లేదు, రాత్రి అన్నం మానేస్తే సరిపోతుందా?" "చెల్లి పెళ్లి రెండు నెలల్లో ఉంది, త్వరగా తగ్గే మార్గం చెప్పండి." ఈ మూడు ప్రశ్నలే తిప్పి తిప్పి వస్తున్నాయి. అడిగేవాళ్లలో చాలామంది ఇప్పటికే రెండు మూడు డైట్లు చూసినవాళ్లే. కొబ్బరినూనె తాగారు, జ్యూసులతో గడిపారు, ఒంటిపూట తిన్నారు. తగ్గారు, మళ్లీ పెరిగారు, పైగా ఇంకో రెండు కిలోలు ఎక్కువే పెరిగారు. అందుకే అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

కొత్త డైట్ మొదలుపెట్టకండి. నాలుగు వారాలపాటు కడుపు మాడ్చుకోకుండా, మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా, ఒంటికి కావలసినవి వేళకి ఇస్తూ, మీ మీద మీరే కాస్త దయగా ఉండి చూడండి. ఇలా చేస్తే ఇష్టమొచ్చినట్టు తినేస్తామని భయం వేస్తుంది. ఆ భయం సహజమే. కానీ బిగించి నోరు కట్టుకున్నవాళ్లే తర్వాత ఎక్కువ తింటారని ఎప్పుడో తేలింది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలు సగం తిండి పెట్టారు. పగలూ రాత్రీ వాళ్లకి తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తర్వాత కడుపునిండా పెట్టినా కొందరికి ఆకలి తీరినట్టే ఉండేది కాదు. వాళ్లేమీ తిండిపోతులు కాదు, ఆకలి పని అది. థియరీ ఇంతటితో చాలు.

ముందుగా డాక్టర్ని కలవాల్సినవాళ్లు

- రోజుల వ్యవధిలో రెండు మూడు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు. ఇది గుండెకో, కిడ్నీకో సంబంధించినది కావచ్చు. నాలుగు వారాలు ఆగకండి, వెంటనే వెళ్లండి.
- షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు. వీళ్లు భోజనం మానేస్తే షుగర్ పడిపోయి ప్రమాదం. తిండిలో ఏ మార్పు చేయాలన్నా డాక్టర్ని అడిగి చేయండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు.
- తిన్నది కక్కేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం, అర్ధరాత్రి చాటుగా తినడం అలవాటైనవాళ్లు. ఇది క్రమశిక్షణ సమస్య కాదు, చికిత్స ఉన్న జబ్బు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఏమేం కావాలి

టైలర్లు వాడే కొలత టేపు ఒకటి. పిల్లల పాత నోటు పుస్తకంలో మిగిలిన పేజీలు నాలుగు. వాడుతున్న మందుల చీటీ, ఉంటే పాత రక్తపరీక్షల రిపోర్టులు. ఇప్పటి ఒంటికి సరిపోయే బట్టలు రెండు జతలు. బరువు చూసే మిషన్ ఉంటే దాన్ని అటకెక్కించండి.

1. ఏం మారిందో రాయండి

"నాకు నోటి మీద అదుపు లేదు" అని తీర్పు చెప్పేసుకునే ముందు, గత ఏడాదిన్నరలో ఏం మారిందో ఒక పేజీలో రాయండి. నైట్ షిఫ్టులు మొదలయ్యాయా? మోకాలి నొప్పితో నడక ఆగిందా? సిగరెట్ మానేశారా? ఇంట్లో ఎవరైనా పోయారా? నెలసరి ఆగే వయసా? పిల్లాడు రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదా?

కింద మందులన్నీ రాయండి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, మానసిక వైద్యంలో వాడే ఒలాంజపిన్, మిర్టజపిన్ లాంటివి బరువు పెంచుతాయి. ఈ జాబితా చదివి మందు ఆపేయకండి. స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. "దీనికి బదులు వేరేది ఉందా?" అని డాక్టర్ని అడగండి.

నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓడీ (అండాశయాలకి, హార్మోన్లకి సంబంధించిన సమస్య) గురించి అడగండి. అయితే థైరాయిడ్ ఒక్కదాని వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ నీరు, ఉప్పు వాటానే ఎక్కువ. మాత్ర వేసుకోగానే పదిహేను కిలోలు కరిగిపోతాయని ఎదురుచూడకండి.

2. మిషన్ ఎక్కడం ఆపండి

ఆవకాయ, అప్పడాలతో రాత్రి భోజనం చేస్తే తెల్లారేసరికి ముల్లు కిలో పైకి వెళ్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. నెలసరి ముందు రోజుల్లోనూ అంతే. కఠినమైన డైట్ మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోలు కూడా చాలావరకు నీరే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. ఆ అంకె చూసి మురిసిపోవడం, నీరు తిరిగి చేరగానే ఏడవడం, రెండూ అనవసరం.

గుండె జబ్బుకి రోజూ బరువు చూసుకోమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం మానకూడదు.

3. బట్టలు ఒంటికి తగ్గట్టు మార్చండి

అందరూ దాటవేసేది ఈ స్టెప్పే. నాలుగు వారాల్లో తేడా ముందుగా తెలిసేదీ ఇక్కడే. చంకల దగ్గర పట్టేసే జాకెట్టు, కూర్చుంటే గుండీ ఊడేలా ఉండే ప్యాంటు రోజంతా మిమ్మల్ని తిడుతూనే ఉంటాయి. సాయంత్రానికి ఆ చిరాకు ఏదో ఒకటి నమిలితే గానీ పోదు.

జాకెట్టు లోపల పక్క కుట్టు దగ్గర చూడండి. చాలామంది టైలర్లు అక్కడ కొంత బట్ట మడిచి వదిలిపెడతారు. రెండు మూడు వరసల కుట్టు కూడా వేసి ఉంచుతారు. లోపలి వరస ఒకటి విప్పితే ఒక సైజు లూజు అవుతుంది. సరిపోకపోతే చంక కింద వేరే ముక్క అతికించమనండి, చీర కట్టాక కనిపించదు. టైలర్ "ఏంటమ్మా, లావయ్యారు" అంటే, "అందుకేగా మీ దగ్గరికొచ్చింది" అనేసి కొలతలు ఇవ్వండి. పాత కొలత జాకెట్టు ఇచ్చి "దీనికంటే కొంచెం లూజు" అనొద్దు. ఆ కొంచెం ఎంతో ఆయనకి తెలీదు, మళ్లీ పట్టేస్తుంది.

రాత్రి చీర మార్చుకునేటప్పుడు నడుము చూసుకోండి. లంగా బొందు పడ్డచోట నల్లటి గీత, పొట్టు రాలడం, దురద ఉంటే బొందు మరీ బిగిస్తున్నారన్నమాట. ముడి పక్కకి జరపండి, వదులు చేయండి, లేదా వెడల్పాటి పట్టీ కుట్టించండి. అక్కడ నెలల తరబడి మానని పుండు ఉంటే చర్మవైద్యుడికి చూపించాలి. అలాంటి పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారిన కేసులు మనదేశ వైద్యులు నమోదు చేశారు.

ఇక "సన్నబడ్డాక వేసుకుంటా" అని బీరువా ముందు వరసలో పెట్టుకున్న డ్రెస్సులు. పారేయక్కర్లేదు. మూట కట్టి పైన పెట్టేయండి. పొద్దున్నే బీరువా తీయగానే అవి ఎదురుపడకూడదు, అంతే. కొత్తవి కొనే స్తోమత లేకపోతే అక్కవో వదినవో రెండు జతలు అడగండి. మగవాళ్లైతే బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకునే బదులు ఒక్క ప్యాంటు సరైన సైజులో కుట్టించుకోండి.

4. లోపల వినిపించే మాటని కాగితం మీద పెట్టండి

అద్దం ముందు, లేదా ఫంక్షన్ ఫొటోలు చూశాక మిమ్మల్ని మీరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయండి. "ఛీ, పందిలా తయారయ్యాను" అనుకుంటే అదే రాయండి. తర్వాత మీ చెల్లెలు ఏడుస్తూ ఇదే మాట తన గురించి అందనుకోండి. ఏమంటారు? "ఊరుకోవే, నువ్వేమైనా ఖాళీగా కూర్చున్నావా? నాన్న ఆసుపత్రి, పిల్లల పరీక్షలు, అన్నీ నీ మీదే పడ్డాయి. ముందు కాస్త నిద్రపో." ఆ జవాబు కింద రాసి, మీ పేరు పెట్టి చదువుకోండి.

హెచ్చరిక: "నేను చాలా అందంగా ఉన్నాను" లాంటి వాక్యాలు రాసుకోమని కొందరు చెబుతారు. మీకు నమ్మకం లేనిది పదిసార్లు రాస్తే ఒళ్లు మండుతుంది తప్ప లాభం లేదు. నిజమైనవి రాయండి. "ఈ ఏడాది నిద్ర లేదు. పెరిగాను. ఈ కాళ్లే రోజూ మూడంతస్తులు ఎక్కిస్తున్నాయి." చాలు.

రాయడం ఇష్టం లేకపోతే ఫోన్లో వాయిస్ రికార్డు చేసుకోండి. అదీ కాదంటే, మంచి మాట చెప్పే స్నేహితురాలికి ఫోన్ చేయండి. తిట్టే స్నేహితురాలికి వద్దు.

5. ఏదీ తీసేయకుండా, ముందు కలపండి

ఈ నాలుగు వారాల్లో నిషేధాల జాబితా లేదు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత పాటించాలి, అది వేరే సంగతి. మిగిలినవాళ్లు చేయాల్సింది రెండే.

ఒకటి, వేళకి తినడం. మధ్యాహ్నం బాక్సు మానేసినవాళ్లని గమనించండి. ఐదింటికి టీతో సగం ప్యాకెట్ బిస్కెట్లు, ఇంటికి రాగానే వంటింట్లో నిలబడి మిక్చరు, తొమ్మిదిన్నరకి మారు మారు వడ్డించుకుని అన్నం. తప్పు రాత్రిది కాదు, మధ్యాహ్నానిది. సాయంత్రం ఐదింటికి ఆకలికి ఏదైనా సిద్ధంగా ఉంచుకోండి: ఉడికించిన శనగలు, గుప్పెడు పల్లీలు, కోడిగుడ్డు, జామకాయ, పెద్ద గ్లాసు మజ్జిగ. రాత్రి అన్నం దానంతటదే తగ్గుతుంది.

రెండు, కంచంలో కూర ముందు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తం తిండిలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటుంది. మన కంచంలో సగం పైన అన్నమే. కాబట్టి అన్నం పెట్టుకునే ముందే రెండు గరిటెల కూర, ఒక గరిటె గట్టి పప్పు వేసుకోండి. తర్వాత అన్నం ఎంత కావాలంటే అంత. ఆఖరున పెరుగన్నం మానకండి. అది లేకపోతే భోజనం అయినట్టుండదు, గంటకల్లా ఫ్రిజ్ తలుపు తెరుస్తారు.

హాస్టల్లో ఉండేవాళ్లకి కూర చేతిలో ఉండదు. రెండు గుడ్లు, కీరా, క్యారెట్ సొంతంగా తెచ్చుకోండి. నైట్ షిఫ్టువాళ్లు డ్యూటీకి వెళ్లే ముందు పూర్తి భోజనం చేసి, అర్ధరాత్రికి ఇంటి నుంచే ఏదైనా పట్టుకెళ్లండి. క్యాంటీన్లో ఆ టైముకి దొరికేది బజ్జీలే.

6. ఎక్కువ తిన్న మర్నాడు ఏం చేయాలి

ఈ నాలుగు వారాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువ తింటారు. ఏ గృహప్రవేశమో వస్తుంది, కొసరి కొసరి వడ్డిస్తారు, రెండు బూరెలు అనుకున్నవి ఐదవుతాయి. ఇంటికొచ్చాక అసలు ప్రమాదం. "ఎలాగూ పాడైపోయింది, ఇంక సోమవారం నుంచి చూద్దాం" అని ఆ వారమంతా తినేస్తారు.

దీని మీద 2007లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. కొంతమంది అమ్మాయిలకి డోనట్ తినిపించి, కొందరికి మాత్రం "అందరం తింటాం, దీనికి తిట్టుకోకండి" అని చెప్పారు. తర్వాత మిఠాయిలు రుచి చూడమన్నారు. మామూలుగా నోరు కట్టుకుని ఉండేవాళ్లలో ఆ మంచి మాట విన్నవాళ్లు తక్కువ తిన్నారు, విననివాళ్లు ఎక్కువ తిన్నారు.

కాబట్టి మర్నాడు ఇలా చేయండి.

పొద్దున ఆకలి వేస్తే మామూలు టిఫిన్ తినండి. వేయకపోతే మజ్జిగ తాగి, మధ్యాహ్నం వేళకి భోజనం చేయండి. శిక్షగా ఉపవాసం వద్దు. నిన్నటి బూరెలు అరగాలని గంటన్నర నడవొద్దు, రోజూ నడిచేంతే నడవండి. పుస్తకంలో మూడు ముక్కలు రాయండి: తినే ముందు ఎంత ఆకలి ఉంది, మనసెలా ఉంది, పక్కన ఎవరున్నారు. నాలుగైదుసార్లు రాశాక ఏదో ఒకటి బయటపడుతుంది. ఒకరికి ఆఫీసు మీటింగ్ ఉన్న రోజులు, ఇంకొకరికి అత్తగారింటి నుంచి ఫోన్ వచ్చిన రోజులు.

లెక్క కూడా చూసుకోండి. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఒక విందులో మామూలు కంటే వెయ్యి కేలరీలు ఎక్కువ తిన్నా ఒంటికి పట్టేది నూట ముప్పై గ్రాములు. మర్నాడు మిషన్ మీద కనిపించే కిలోన్నరలో మిగతాదంతా ఉప్పు, నీరు, ఇంకా అరగని భోజనం.

శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉండేవాళ్లు భక్తితో ఉంటే ఉండండి. కానీ శుక్రవారం తిన్నదానికి శనివారం జరిమానాగా ఉంటూ, రాత్రి ఫలహారం పేరుతో కంచం నిండా ఉప్మా పెట్టుకుంటుంటే, ఈ నాలుగు వారాలూ ఆపేయడమే మంచిది.

7. చుట్టాలకి జవాబు ముందే తయారుగా పెట్టుకోండి

మనవాళ్ల పలకరింపే బరువుతో మొదలవుతుంది. అప్పటికప్పుడు మాట రాదు, ఇంటికొచ్చి ఏడుస్తాం. రెండు వాక్యాలు ముందే సిద్ధం చేసుకుని, పైకి అని చూసుకోండి.

"ఏమ్మా, బాగా ఒళ్లు చేశావే!"
"అవును పిన్నీ, పెరిగాను. మీ మోకాలు ఎలా ఉంది ఇప్పుడు?"

ఒప్పుకోవడం, మాట మార్చడం. తొంభై శాతం మంది పిన్నులు మోకాలి దగ్గర ఆగిపోతారు. వదలనివాళ్లకి: "డాక్టరుగారు చూస్తున్నారండీ, ఆయన చెప్పినట్టు చేస్తున్నాను." పిల్లలు ఎందుకు పుట్టడం లేదో, థైరాయిడ్ ఎంతుందో వివరాలు ఇవ్వకండి. ఇస్తే సలహాలు వస్తాయి.

అమ్మతో పద్ధతి వేరు. నలుగురిలో కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: "అమ్మా, అందరిముందు నా ఒళ్లు గురించి అనకు. నాకు బాధేస్తోంది. నువ్వలా అన్న రోజే నేను ఎక్కువ తింటున్నాను." చివరి వాక్యం తప్పకుండా చెప్పండి. అమ్మ తగ్గేది దానికే.

ఒకమాట: మీ పిల్లల ముందు మీ ఒంటిని మీరు తిట్టుకోకండి. పిల్లల్ని బొండం, గుమ్మడికాయ అని ముద్దుగా కూడా పిలవకండి. మగపిల్లలైనా సరే.

8. నడక, నిద్ర

భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. ఎండాకాలం మేడ మీద, వానాకాలం వరండాలో. మోకాళ్లు నొప్పైతే కుర్చీలో కూర్చుని కాళ్లు చాచి ముడవండి. అడుగుల లెక్క, కేలరీల లెక్క ఈ నెల వద్దు. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, కాబట్టి రాత్రి ఫోన్ ఇంకో గదిలో చార్జింగ్‌కి పెట్టండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

- మన మీద మనం దయగా ఉండటమంటే రోజూ రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకోవడం అనుకోవడం. అనుమానం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు పొద్దున లేచేసరికి దీనివల్ల నాకు హాయిగా ఉంటుందా, కడుపు ఉబ్బరమా? పెళ్లిలో బిర్యానీకి ఒక జవాబు వస్తుంది, ఒంటరిగా టీవీ ముందు తినేదానికి ఇంకోటి.
- పైకి దయ, లోపల డైట్. చాటుగా పక్కింటి మిషన్ ఎక్కి చూసుకోవడం. ముల్లు కదలకపోతే మూడో వారంలోనే వదిలేస్తారు.
- ఎనిమిది స్టెప్పులూ మొదటి రోజే మొదలుపెట్టడం. మొదటి వారం 1, 2, 3 చాలు. రెండో వారం నుంచి 4, 5. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు.
- మందు వాడితే ఓడిపోయినట్టు అనుకోవడం. బరువుకి ఇప్పుడు వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. డాక్టరు పరీక్షించి రాస్తే మొహమాటపడక్కర్లేదు. తెలిసినవాళ్లు తగ్గారని సొంతంగా కొని పొడుచుకోవడం మాత్రం ప్రమాదం.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నాలుగో వారం చివర పుస్తకం తీసి ఇవి చూడండి. ఎక్కువ తిన్న రోజు తర్వాత మామూలు తిండికి రావడానికి వారం పట్టేది ఇప్పుడు పూటలో వస్తున్నారా? రాత్రి వంటింట్లో నిలబడి తినడం తగ్గిందా? ఫంక్షన్లకి వెళ్లడం మళ్లీ మొదలుపెట్టారా? మూడింట్లో ఒకటైనా అవుననిపిస్తే కొనసాగించండి.

నడుము నెలకోసారే కొలవండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. మన దక్షిణాసియావాళ్లలో ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ ఒకసారి చూపించుకోమంటారు. అది పరీక్ష చేయించుకోవడానికి గుర్తు, పరీక్ష తప్పినట్టు కాదు.

బరువు తగ్గకపోవచ్చు. ముందే చెబుతున్నాను. చాలామందికి మొదట ఆగేది పెరగడం. షుగరో, కొవ్వు పట్టిన కాలేయమో ఉండి నిజంగా తగ్గాల్సినవాళ్లకి కూడా ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది. ఎనభై కిలోలకి నాలుగు కిలోలు. అది ఈ నాలుగు వారాల తర్వాత డైటీషియన్‌తో కూర్చుని నెమ్మదిగా చేసే పని.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి స్టెప్పులో రాసిన పేజీ, మందుల చీటీ తీసుకెళ్లండి. మీరు వెళ్లింది నడుము నొప్పికైతే, "ముందు బరువు తగ్గండి" అని పంపేస్తున్నారనిపిస్తే ఇలా అడగండి: "తగ్గడానికి ప్రయత్నిస్తున్నానండీ. ఇదే నొప్పి సన్నగా ఉన్నవాళ్లకి వస్తే ఏ పరీక్షలు రాస్తారు? అవి నాకూ రాయండి."